తేడాకు కారణం

మా ఆవిడ నన్ను వదిలి ఎప్పుడు వెళ్లాలో వంటింటి అల్మరాలు నిర్ణయించాయి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ ఇద్దరం కూర్చుని ఒప్పుకున్న ఏర్పాటే అది.

ఒక గురువారం సాయంత్రం నేను మందుల గోడౌను నుంచి ఇంటికి వచ్చేసరికి తను బల్ల దగ్గర కూర్చుని ఉంది. యూనిఫాం ఇంకా మార్చుకోలేదు. తను ఆసుపత్రిలో వార్డు నర్సు. ఇంటికి రాగానే స్నానం చేస్తే గానీ మంచినీళ్లు కూడా ముట్టుకోదు. అలాంటి మనిషి యూనిఫాంతో కూర్చుందంటే ఏదో ఉందని గుమ్మంలోనే తెలిసిపోయింది.

"మా ఆసుపత్రివాళ్లు వేరే ఊళ్లో ఇంకోటి పెడుతున్నారు. అక్కడికి అప్లికేషన్ పెట్టాను. ఇచ్చారు," అంది. "వెళ్తాను. ఒక్కదాన్నే."

నేను అప్పుడు చెప్పులు విప్పుతున్నాను. రెండో చెప్పు కూడా విప్పి, రెండూ జతగా గోడవార పెట్టి, "మంచిది," అన్నాను.

పదిహేడేళ్లు కాపురం చేసిన పెళ్లాం వెళ్లిపోతానంటే మొగుడన్నవాడు అనాల్సిన మాటేనా అది? కాదని అప్పుడే తెలుసు. అయినా నోట్లోంచి అదే ఊడిపడింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మేం పోట్లాడుకునే రకం కాదు. పిల్లల్లేరు, దాని గురించి ఏడవడం ఎప్పుడో మానేశాం. నాకు తాగుడు లేదు, తిరుగుడు లేదు, తన మీద గొంతు పెంచిన రోజు లేదు. పక్కింటివాళ్లు మమ్మల్ని చూపించి వాళ్ల అల్లుడికి బుద్ధులు చెప్పేవాళ్లు. మా ఇంట్లో ఉన్న చిక్కల్లా నా ఉద్యోగం. అది సాయంత్రం గోడౌనులో ఆగిపోకుండా నా వెంటే ఇంటికి వచ్చేసేది.

నా పని సరుకు తనిఖీ. ఏ మందు ఎప్పుడు వచ్చింది, దాని గడువు ఎప్పటిదాకా, అరలో ఎన్ని ఉన్నాయి, పుస్తకంలో ఎన్ని ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే. తోటివాళ్లు వెనకాల నన్ను 'గడువు గారు' అంటారు. ఎదురుగా అన్నా నేనేం అనుకోను.

ఇంట్లోనూ గడువు గారినే. పెరుగు గిన్నె చేతికిస్తే ముందు అది ఎప్పటిదని అడుగుతాను. తను బజారు సంచి బల్ల మీద పెట్టడం ఆలస్యం, ఒక్కొక్కటీ బయటికి తీసి, ఇది ఇంట్లో ఉంది, ఇవి రెండున్నాయి, ఇదెందుకు అని మొదలుపెడతాను. తను పదకొండు మంది ఉన్న ఇంట్లో పుట్టి పెరిగింది. పదకొండు మందికి కొంటుంది, ఇద్దరికి వండుతుంది. మిగిలింది పారబోసే పని నాది. ఊరికే పారబోస్తే సరిపోయేది. "గోధుమ రవ్వ, ఒక కిలో, గడువు దాటి ఆరు నెలలు," అని పైకి చదువుతూ మరీ పారబోసేవాణ్ణి.

"ఎందుకు వెళ్తున్నావు?" అని ఆ గురువారం అడిగాను. అడగాలని తట్టినందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

తను గోడవార నేను పెట్టిన చెప్పుల జత వైపు చూసింది. "మీరు నాతో మాట్లాడరండీ. నన్ను తనిఖీ చేస్తారు."

ఎప్పుడు వెళ్తావని అడిగాను. రెండు నెలల్లోపు ఎప్పుడు చేరినా ఫరవాలేదన్నారట. తను అల్మరాల వైపు తిరిగి చూసింది.

"వీటి నిండా సరుకుంది. పారబోసి వెళ్లడానికి నాకు చేతులు రావు. మీరొక్కరే ఉంటే ఇవి ముట్టుకోరు. నాలుగు నెలలాగి తేదీలు చదివి చెత్తబుట్టలో వేస్తారు. ఇవన్నీ అయిపోనివ్వండి. ఆఖరి డబ్బా ఖాళీ అయిన మర్నాడు వెళ్తాను."

న్యాయమైన మాట. సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు బాధ కంటే ముందు పని కనబడింది. నాలుగు అల్మరాలు, ఇద్దరు మనుషులు, రెండు నెలలు. నా చేతికింద ఇంతకంటే పెద్ద గోడౌన్లు ఖాళీ అయ్యాయి.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు గదిలో పాత దుప్పటి పరిచి, నాలుగు అల్మరాల్లో ఉన్నదంతా దాని మీదికి దించాం. పదిహేడేళ్లుగా ఆ ఇంట్లో తింటూ ఆ అల్మరాల్లో ఏముందో నాకు తెలుసనుకున్నాను. ఏమీ తెలియదు. కార్న్‌ఫ్లోర్ పాకెట్లు ఏడు. ఏడూ విప్పినవే, ఏడింటికీ రబ్బరు బ్యాండ్లే. ఆవాలు మూడు చోట్ల. మాకరోనీ రెండు కిలోలు. ఎండు బఠాణీలు ఒక సంచెడు. కస్టర్డ్ పొడి నాలుగు డబ్బాలు. మా ఇంట్లో కస్టర్డ్ ఎవరు తిన్నారో, ఎప్పుడు తిన్నారో ఇద్దరికీ గుర్తు రాలేదు. పైనాపిల్ ముక్కల డబ్బా ఒకటి, ఎక్కడా ఉబ్బలేదు కాబట్టి బతికిపోయింది.

ఇక తెల్ల శనగలు. పప్పుల వెనక ఒక పాకెట్టు, చక్కెర డబ్బా కింద ఒకటి, పై అరలో రెండు, ఆఖరికి మిక్సీ అట్టపెట్టెలో ఒక కాగితప్పొట్లం. అన్నీ కలిపి తూస్తే నాలుగు కిలోల రెండు వందల గ్రాములు.

"ఇన్ని శనగలు ఎందుకు కొన్నావు?"

"ఇంట్లో లేవేమోనని."

"అయిదుసార్లూ లేవనే అనుకున్నావా?"

"కనబడకపోతే లేనట్టే కదండీ."

కొత్తగా చేరినవాళ్లకి నేను మొదటిరోజు చెప్పే పాఠం అదే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పురుగు పట్టిన పిండి, చేదెక్కిన జీడిపప్పు పక్కన పెట్టేశాం. తేదీ దాటినవన్నీ నేను అదే కుప్పలో వెయ్యబోతే తను చెయ్యి పట్టుకుంది. "మందుకి తేదీ దాటితే దాటినట్టే. బఠాణీకి అలా కాదు. వాసన చూడండి, రంగు చూడండి, ఒకటి నోట్లో వేసుకోండి." తేదీ దాటిన వస్తువు నోట్లో వేసుకోవడం నాకదే మొదటిసారి. బఠాణీ బఠాణీలాగే ఉంది. నేను పారబోసిన గోధుమ రవ్వలన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి.

తరవాత అన్నిటినీ గాజు సీసాల్లో పోశాం, బయటికి కనబడేలా. ఇక్కడ నేను కొంచెం ఉపన్యాసం ఇచ్చాను. సరుకు పేర్చే విషయంలో నాకు ఒక్కటే పద్ధతి. అరలో అయితే పాతది ముందు, కొత్తది వెనక. సీసాలో అయితే పాతది పైన, కొత్తది అడుగున. "చాలామంది ఉన్న వాటి మీద కొత్తవి పోసేస్తారు. అడుగున ఉన్నవి ఏళ్లు గడిచినా పైకి రావు. సీసా నింపాలంటే ముందు ఉన్నదంతా పళ్లెంలోకి ఒంపాలి. కొత్తవి అడుగున పోసి, పళ్లెంలోవి వాటి మీద పోయాలి," అని ఒంపి, పోసి చూపించాను.

"ఇంక నింపేదేముందండీ, కొనేది లేదుగా," అంది.

"పద్ధతి చెప్తున్నాను," అన్నాను.

పాలు, కూరగాయలు, నూనె తప్ప ఇక ఏదీ ఇంట్లోకి రాకూడదనుకున్నాం. ఒక పెద్ద కాగితం తీసుకుని స్కేలు పెట్టి గీతలు గీసి అల్మరా తలుపు లోపల అంటించాను. సరుకు పేరు, పోయిన వారం, ఈ వారం, తేడా, తేడాకు కారణం. ప్రతి ఆదివారం తూచాలి. తూచేవాళ్లు రాయకూడదు, రాసేవాళ్లు తూచకూడదు; రెండూ ఒకరే చేస్తే చెయ్యి తనకి కావలసిన అంకె రాసేసుకుంటుంది. అందుకని తను కాటా మీద పెట్టి చదివేది, నేను రాసేవాణ్ణి. తేడాకు కారణం అన్న గడిలో పై నుంచి కింది దాకా ఒకే మాట: తిన్నాం, తిన్నాం, తిన్నాం.

మొదటి వారంలోనే ఒక సంగతి తేలింది. ఉన్న వాటితోనే వండాలంటే ఇద్దరు కావాలి. అంతకుముందు తను వండేది, నేను తినేవాణ్ణి, మధ్యలో టీవీ మాట్లాడేది. ఇప్పుడు సాయంత్రం ఇద్దరం తలుపు తీసి కాగితం ముందు నిలబడేవాళ్లం. "ఈవేళ ఎవరి వంతు?" అని తను అడిగేది. ఎక్కువున్న వాటి వంతు. ఎక్కువున్నవి ఒకదానితో ఒకటి కలిసేవి కావు. బఠాణీలు, మాకరోనీ కలిపి తిన్నాం. కార్న్‌ఫ్లోర్‌తో చిక్కగా చేసిన కూరలు ఎన్ని తిన్నామో. వాటిల్లో ఒకటి గరిటెకి అంటుకుని గిన్నెతో సహా పైకి లేచింది. తను నవ్వు ఆపుకోలేక పొయ్యి ఆర్పేసి గోడకి ఆనుకుంది. తను అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో లెక్క నా దగ్గర లేదు. అన్నిటికీ లెక్కలు రాసుకున్నవాణ్ణి దీనికి రాసుకోలేదు.

ఒకరోజు పప్పు సీసా ఖాళీ అయింది. కడగడానికి తీసుకుంటే తను అడుగు వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు. చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి చుట్టూ పదకొండు మందిమి నిలబడేవాళ్లం. అమ్మ మూత తియ్యగానే ఎవరిదాకా వస్తుందో, ఎవరి దగ్గర ఆగిపోతుందో చూపుతోనే తెలిసిపోయేది. నేను తొమ్మిదోదాన్ని. డబ్బా అడుగు కనబడితే ఇప్పటికీ వెంటనే బజారుకి పరుగెత్తాలనిపిస్తుంది."

పదిహేడేళ్లలో నేను ఇదెందుకు కొన్నావని వెయ్యిసార్లు అడిగి ఉంటాను. జవాబు చెప్పేదాకా ఒక్కసారీ ఆగలేదు. ఆ రోజు ఖాళీ సీసా తన చేతికివ్వకుండా నేనే కడిగి బోర్లించాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

మొదలుపెట్టిన రోజు కాక నాలుగో ఆదివారానికి రెండు అల్మరాలు పూర్తిగా ఖాళీ. శనగలు లెక్క ప్రకారం తగ్గుతున్నాయి. వారానికి మూడుసార్లు, మాటుకి రెండు వందల గ్రాములు. నాలుగు కిలోల రెండు వందలు కాస్తా కిలో ఎనిమిది వందలకి వచ్చాయి. ఇంకో మూడు వారాల్లో అంతా అయిపోతుందని లెక్క కట్టాను. లెక్క సరిగ్గా వచ్చినందుకు జీవితంలో మొదటిసారి నాకు సంతోషం కలగలేదు.

అయిదో ఆదివారం తూకాల మధ్యలో మా అక్క ఊడిపడింది. చేతిలో పెద్ద సంచి. బియ్యం, పప్పులు. తెరిచి ఉన్న అల్మరాలు చూసి నోరు వెళ్లబెట్టింది.

"ఏరా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

"లేదక్కా. పాతవి వాడేస్తున్నాం. వృథా చెయ్యకూడదని."

"నీ తిక్క దీనికీ అంటించావా? పాపం, ఎలా చిక్కిపోయిందో చూడు." మా అక్క సంచి బల్ల మీద పెట్టింది. "ఇవి ఉంచు."

"వద్దక్కా. బయటి సరుకు లోపలికి రాకూడదు. పట్టుకుపో."

అక్క మొహం మాడ్చుకుని సంచితో సహా వెళ్లిపోయింది. మా సంగతి ఎవరికీ చెప్పలేదు కాబట్టి అక్కకి కూడా తెలియదు. మా ఆవిడ మాత్రం ఆ సంచి గుమ్మం దాటేదాకా దాని వైపే చూసింది. నేను నియమం నిలబెట్టానన్న గర్వంలో ఉన్నాను. ఆ గందరగోళంలో తను చదివిన అంకెలు చెవిలో పడ్డవి పడ్డట్టు రాసేసి, అన్నిటి ఎదురుగా 'తిన్నాం' అని పెట్టేశాను.

ఆరో ఆదివారం "తెల్ల శనగలు, కిలో ఎనిమిది వందలు," అని చదివింది.

నేను రాసి, పక్క గడి చూశాను. పోయిన వారం కిలో ఏడు వందలు. ఆ వారంలో రెండుసార్లు శనగలు తిన్నాం. నాలుగు వందలు తగ్గాలి. వంద పెరిగాయి.

ఇరవై రెండేళ్లలో సరుకు తగ్గడం ఎన్నో రకాలుగా చూశాను. దొంగతనం, తడి, ఎలుకలు, అజాగ్రత్త. పెరగడం చూడలేదు. ఎలుకలు తింటాయి గానీ తెచ్చిపెట్టవు. కాటా చెడిపోయి ఉంటుందనుకుని, తేడాకు కారణం గడి ఖాళీగా వదిలేసి, సోమవారం కాటా సంచిలో పెట్టుకుని గోడౌనుకి తీసుకెళ్లాను. అక్కడి అసలు తూకపు రాళ్లతో పరీక్షించాను. కాటా బంగారంలా ఉంది.

బుధవారం సాయంత్రం తను బాల్కనీలో బట్టలు తీస్తూ ఫోన్లో మాట్లాడుతోంది. అవతల ఉన్నది కొత్త ఆసుపత్రివాళ్లని మాటల్ని బట్టి తెలిసింది. "ఇంకో రెండు వారాలు పడుతుందండీ... లేదండీ, ఒంట్లో బాగానే ఉంది... ఇంట్లో సరుకు ఇంకా అవలేదండీ." అవతలివాళ్లు ఏమన్నారో, తను కొంచెం తడబడింది. "అవునండీ, వంట సరుకే... ఈ నెలాఖరుకి ఖాయంగా వస్తాను." నాకు నవ్వు వచ్చింది. మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే, గింజ మిగిలినా కదలదు, ఎంత నిక్కచ్చి మనిషి అనుకున్నాను. నా అంత తెలివితక్కువవాడు ఇంకొకడు ఉండడు.

శుక్రవారం పొద్దున కాఫీలోకి పంచదార కోసం అల్మరా తలుపు తీశాను. వంటింటి కిటికీలోంచి ఎండ సూటిగా అర మీద పడుతోంది. శనగల సీసా పై భాగం, నాలుగు వేళ్ల మందాన, టీ మరక పట్టిన కప్పు రంగులో ఉంది. దాని కింద అడుగు దాకా తెల్లగా, నిగనిగలాడుతూ, నిన్నో మొన్నో కొన్న శనగలు.

సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. పొర అంత శుభ్రంగా ఉంది. ఊరికే కొత్తవి పైన పోసి కలిపేసి ఉంటే నా కంటికి ఆనేది కాదు. తను అలా చెయ్యలేదు. ఉన్నవన్నీ పళ్లెంలోకి ఒంపి, కొత్తవి అడుగున పోసి, పాతవి మళ్లీ వాటి మీద పోసింది. నేను చెప్పిన పద్ధతి ప్రకారం. నా కళ్లు గప్పడానికి కూడా నా పద్ధతే పాటించింది.

పంచదార సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకి వెళ్లాలని లేదు. వెళ్లాలని లేదని చెప్పలేకపోతోంది, ఎందుకంటే నేను 'మంచిది' అన్నాను. ఆ మాట విన్నాక తను మాత్రం ఉండిపోతానని ఎలా అనగలదు? అందుకని శనగలు పోస్తోంది.

పరుగెత్తి వెళ్లి తనతో చెప్పేద్దామనుకున్నాను. నాలుగు అడుగులు వేసి ఆగిపోయాను. ఏమని చెప్తాను? సీసా చూశాను, అడుగున కొత్తవి కనిపించాయి అనా? అంటే మళ్లీ తనిఖీ చేసి పట్టుకున్నట్టే. తను వెళ్లడానికి కారణమైన పనే, దాన్ని ఆపడానికి చేసినట్టు. పోనీ ఊరుకుంటే? నెలాఖరు దగ్గరికి వచ్చేసింది. తను ఎన్ని పాకెట్లు పోసినా అవతలివాళ్లు శనగల కోసం ఆగరు. ఎటు చూసినా గోడే. రెండు రోజులు గోడౌనులో తప్పుల మీద తప్పులు చేశాను. గడువు గారికి జ్వరమా అని అడిగారు.

ఏడో ఆదివారం సరుకంతా బల్ల మీదే పట్టింది. బియ్యం అడుగుకి వచ్చాయి. ఉప్పు, పంచదార, ఒక కస్టర్డ్ డబ్బా, శనగలు. తను అలవాటుగా కాటా ముందు కూర్చుంది. నేను కాగితం ఊడదీసి తన ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చాను.

"ఈవేళ నేను చదువుతాను. నువ్వు రాయి."

"ఏం? నేను చదివితే తప్పులొస్తున్నాయా?"

"అది కాదు. అప్పుడప్పుడు మార్చాలి. గోడౌనులో కూడా మారుస్తాం."

గోడౌనులో ఎప్పుడూ మార్చం. అబద్ధం చెప్పడం నాకు రాదు, చెవులు వేడెక్కాయి. తను నా వైపు అనుమానంగా చూసి కుర్చీ మారింది.

బియ్యం చదివాను, ఉన్నది ఉన్నట్టు. ఉప్పు, పంచదార, కస్టర్డ్ పొడి. తను రాసింది. తరవాత శనగల సీసా ఎత్తి కాటా మీద పెట్టాను. తన చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తలేదు. నేను అంకె చెప్పేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఆ మొహం నాకు బాగా తెలుసు. తేడా ఉందని తెలిసి, నేను అరల మధ్య నడుస్తుంటే నిలబడి చూసే స్టోరు మనుషుల మొహం అది. నా ఇంట్లో, నా బల్ల దగ్గర అది కనబడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సీసా బరువు పోగా కిలో ఏడు వందలు.

"తెల్ల శనగలు," అన్నాను. "నాలుగు కిలోల రెండు వందలు."

పెన్ను కదల్లేదు. తను తలెత్తి కాటా వైపు చూసింది. అంకె తనకీ కనబడుతోంది. తరవాత నా వైపు చూసింది.

"సరిగ్గా చూశారా?"

"చూశాను."

"ఇంకోసారి చూడండి."

"ఎన్నిసార్లు చూసినా అంతే. మొదటిరోజు ఎన్ని ఉన్నాయో ఇప్పుడూ అన్నే ఉన్నాయి. నాలుగు కిలోల రెండు వందలు. రాయి."

రాసింది. అంకెలు వంకర పోయాయి. "పోయిన వారం కిలో ఎనిమిది వందలు," అంది మెల్లిగా. "తేడా రెండు కిలోల నాలుగు వందలు. ఎక్కువ." పెన్ను పక్క గడిలోకి జరిపింది. "తేడాకు కారణం ఏం రాయమంటారు?"

అప్పటిదాకా ఏం చెప్పాలో రెండు రోజులుగా మనసులో అనుకున్నదంతా ఎగిరిపోయింది.

"నువ్వు వెళ్లడం నాకిష్టం లేదు," అన్నాను. "మొదటిరోజే ఇష్టం లేదు. ఆ రోజు మంచిది అన్నాను. అది తప్పు. మంచిది కాదు, ఏమీ మంచిది కాదు. అది రాయి."

తను పెన్ను మొన గడిలో ఆనించింది.

"అంతా రాయనా?"

"అంతా."

"గడిలో పట్టదండీ."

నేను పెన్ను తీసుకున్నాను. స్కేలు కోసం వెతకలేదు. ఆ గడి గీతల్ని కాగితం అంచు దాకా చేత్తోనే లాగాను. పాము పాకినట్టు వచ్చాయి. పెన్ను మళ్లీ తనకిచ్చాను. తను వంగి, ఒక్క మాట వదలకుండా, అంచు దాకా రాసింది. రాస్తుంటే ఒకచోట సిరా తడిసి అలుక్కుపోయింది. తను తుడవలేదు.

"ఎప్పుడు తెలిసింది?" అంది.

"శుక్రవారం. అడుగున తెల్లగా ఉన్నాయి."

"మూడు పాకెట్లు పోశాను. కూరగాయల సంచిలో తెచ్చాను. మీరు చెప్పినట్టే పోశాను కదండీ, పాతవి పైన."

"పైన పోసి కలిపేసి ఉంటే నాకు తెలిసేదే కాదు."

తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. కాసేపయ్యాక మొహం తుడుచుకుని, కాగితం తీసుకెళ్లి మళ్లీ అల్మరా తలుపుకి తనే అంటించింది. ఆసుపత్రికి రేపు పొద్దున ఫోన్ చేసి రానని చెప్తానంది. ఏమని చెప్తావని అడిగాను.

"సరుకు అవలేదని," అంది.

తరవాత సీసా మూత తీసింది. "రేపటికి శనగలు నానబెట్టనా?"

"నానబెట్టు."

"ఎన్ని?"

రెండు వందల గ్రాములు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నీకు తోచినన్ని," అన్నాను.

తను చెయ్యి పెట్టి, పై నుంచే తీస్తూ, గిన్నెలో పోసుకుంటూ పోయింది. పదకొండు మందికి సరిపడా అయ్యాక ఆగింది. నాలుగు రోజులు తిన్నాం. ఒక్క గింజ పారెయ్యలేదు.